ఆట సామగ్రి: చీటీ చెప్పేది, తక్కెడ చెప్పేది

జూన్ నెలలో బడులు తెరిచే వేళకు నర్సీపట్నంలో పుస్తకాల అంగళ్ళతోపాటు ఆటవస్తువుల అంగళ్ళకు కూడా గిరాకీ వస్తుంది. అబీద్ సెంటరు మీదుగా బడికి పోయే పిల్లవాడి చూపు వలసంచిలో వేలాడే బంతుల మీద, అట్టపెట్టెల మీద మెరిసే అక్షరాల మీద కాసేపు నిలుస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం గల బంతి, చెమటను లాగివేసే చొక్కా, మోకాలిని కాపాడే బూటు, కొవ్వును కరిగించే కోటు - ఇవి ఆ అక్షరాలు చెప్పే సంగతులు. అవి ఎక్కువగా ఇంగ్లీషులో ఉండడంచేత వాటికి మరింత గౌరవం దక్కుతున్నది.

కథకు, నవలకు, పద్యకావ్యానికి విమర్శకులున్నారు. అట్టపెట్టె మీది రచనకు మాత్రం విమర్శకుడు దొరకడం లేదు. నిజానికి ఏ కావ్యానికీ లేనంతమంది పాఠకులు దీనికి ఉన్నారు; పైగా చదివి నమ్మిన ప్రతివాడూ అందుకు డబ్బు కూడా చెల్లిస్తున్నాడు. ఇట్టి రచనను పరీక్షించడానికి అలంకారశాస్త్రం అక్కరలేదు. రెండు ప్రశ్నలు చాలు. ఇందులో కొలవదగిన మాట ఏదైనా ఉన్నదా? ఉంటే ఆ కొలత సరిపోతున్నదా? ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఉండే త్రాసు, మీటరు బద్ద, దారపు ఉండ, గడియారం ఈ విమర్శకు కావలసిన పరికరాలు.

డబ్బు సంగతి ముందుగా చెప్పుకోవడం మంచిది. 2018లో ప్రారంభమైన సమగ్ర శిక్షా పథకం ఆటసామగ్రి కోసం ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5,000 రూపాయలు, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 వరకు ఇవ్వవచ్చునని నిర్ణయించింది. మూడు నాలుగు వందలమంది పిల్లలున్న ఉన్నత పాఠశాలలో ఈ మొత్తాన్ని తలకు పంచితే అరవై డెబ్భై, మహా అయితే ఎనభై రూపాయలకు మించదు. ఈ కొద్దిపాటి డబ్బుతో కొన్న బంతి దసరా సెలవులకు ముందే ఉబ్బి కోడిగుడ్డు ఆకారానికి వస్తే, మిగిలిన ఏడాదంతా ఆటల పీరియడులో పిల్లలు చెట్టుకింద కూర్చోవలసిందే. కొనుగోలులో జరిగిన తప్పు ఎవరి ఖాతాలో పడుతుందో దీనినిబట్టి తెలుస్తుంది.

తప్పంతా వర్తకుడిదే అనడం న్యాయం కాదు. "ఫుట్‌బాల్ 4, వాలీబాల్ 4, షాట్‌పుట్ 1" అని బడివారు పంపే జాబితాలో కొలత ఒక్కటీ ఉండదు. ఇట్టి జాబితాకు గుండ్రంగా ఉన్న ఏ వస్తువైనా సమాధానమే అవుతుంది. ఆపైన ధరలు తెప్పించి అందరికంటె తక్కువ ధర పలికినవానికి ఆర్డరు ఇస్తారు. కొలత లేనిచోట పోటీ ధర మీదనే నడుస్తుంది. ధర తగ్గించడానికి బంతి తోలులోనో, కుట్టులోనో, బ్లాడరులోనో తగ్గించక తప్పదు.

ఆటల చట్టాలు మాత్రం కొలతల విషయంలో ఎంతో ఖచ్చితంగా ఉన్నాయి. 5వ సైజు ఫుట్‌బాల్ చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు ఆట ఆరంభంలో 410 నుంచి 450 గ్రాములు ఉండాలి. వాలీబాల్ చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, బరువు 260 నుంచి 280 గ్రాములు. చుట్టుకొలతకు దారం చాలు. ఒకే బంతికి మూడు దిక్కులలో దారం చుట్టి చూస్తే అది నిజంగా గోళమా కాదా అన్నది కూడా తేలిపోతుంది. మూడు కొలతలకు మధ్య ఒక సెంటీమీటరు తేడా వచ్చిన బంతి నేలమీద దొర్లేటప్పుడు పక్కకు లాగుతుంది. ఆ తప్పును పిల్లవాడు తన కాలిమీద వేసుకుంటాడు.

బంతిలోని గాలి విషయం మరింత ఆసక్తికరమైనది. ఫుట్‌బాల్‌లో పీడనం బయటి గాలికంటె 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియరు ఎక్కువగా ఉండాలి. వాలీబాల్‌లో ఈ ఎక్కువ చదరపు సెంటీమీటరుకు 0.300 నుంచి 0.325 కిలోగ్రాములు మాత్రమే, అంటే ఫుట్‌బాల్‌లో ఉండవలసినదానిలో ఇంచుమించు సగమో, మూడవ వంతో. పల్లెల్లో ఈ రెండింటినీ ఒకే సైకిలు పంపుతో, బొటనవేలితో నొక్కి చూసి, ఒకే గట్టిదనం వచ్చేదాకా కొడతారు. అందువల్లనే కొత్తగా వాలీబాల్ నేర్చుకొనే పిల్లల ముంజేతులు కందిపోతాయి. బంతి "నాసిరకం" అని తిట్లు తింటుంది. ఆ బంతి మంచిదే కావచ్చు. పీడనం చూపే చిన్న గేజి ఒకటి కొంటే అది నాలుగు బంతుల ఆయుష్షును పెంచుతుంది. అయినా బడి జాబితాలో అది కనిపించడం అరుదు.

గాలికి బరువున్నదని ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పే ఉపాధ్యాయుడికి ఫుట్‌బాల్ మంచి ఉపకరణం. దాని ఘనపరిమాణం సుమారు 5.6 లీటర్లు. సొట్టలు పోయి గుండ్రబడేవరకు మాత్రమే గాలి నింపి ఒకసారి, తరువాత 0.8 అట్మాస్ఫియరు అదనంగా నింపి మరొకసారి తూస్తే, రెండవసారి సుమారు 5 గ్రాములు ఎక్కువ తూగుతుంది. ఉదయం 25 డిగ్రీల వేడిమిలో సరిగా నింపిన అదే బంతిని మధ్యాహ్నం ఎండలో వదిలితే, లోపలి గాలి 40 డిగ్రీలకు చేరేసరికి అదనపు పీడనం 0.8 నుంచి ఇంచుమించు 0.9కి పెరుగుతుంది. గచ్చుమీద, ఎండలో వదిలిన బంతుల కుట్లు ఎందుకు విచ్చుకుంటాయో చెప్పడానికి ఇంతకంటె పాఠం అక్కరలేదు.

ఎగురుడును కొలవడం ఇంకా తేలిక. టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తునుంచి గట్టి నేలపై వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్లవరకు లేవాలని నియమం. లేచిన ఎత్తును వదిలిన ఎత్తుతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేదే ప్రత్యావస్థాన గుణకం. ఇక్కడ అది 0.73 నుంచి 0.76 వరకు ఉంటుంది. ఏ బంతికైనా ఇదే లెక్క. అంగట్లో రెండు బంతులను ఒకే ఎత్తునుంచి వదిలి చూసే కుర్రవాడు తనకు తెలియకుండానే ఈ గుణకాన్ని పోల్చుతున్నాడు. ఇంతకూ టెన్నిస్ ఆడేవారి కోసం గాలి బిగించిన డబ్బాలో వచ్చే ఖరీదైన బంతిని వీధి క్రికెట్టుకు కొనడం వృథా ఖర్చు. దాని ఎగురుడులో చాలాభాగం లోపల బిగించిన వాయువు వల్ల వస్తుంది. ఆ వాయువు రబ్బరు గోడగుండా నెమ్మదిగా బయటికి పోతుంది. డబ్బా తెరిచిన కొద్ది వారాలకు, ఆడినా ఆడకపోయినా, బంతి చచ్చుబడుతుంది. క్రికెట్టు కోసమని అమ్మే మందపాటి రబ్బరు బంతే వీధికి మేలు.

బ్యాటు విషయంలో అట్టపెట్టె లేదు గాని, అంటించిన బొమ్మలున్నాయి. పేరుమోసిన ఆటగాడి సంతకం అంటించినంతమాత్రాన కర్ర మారదు. ఎలమంచిలి దగ్గర వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే పనివారు అంకుడు కర్రనే ఎంచుకుంటారు. అది మెత్తగా ఉండి తరిణకు లొంగుతుంది, లక్కను పట్టుకుంటుంది. బ్యాటు చేసేవారు విల్లో కర్రను ఎంచుకోవడంలో కూడా ఇట్టి వివేకమే ఉన్నది. అది తేలికగా ఉండి, దెబ్బకు పగలకుండా పీచు అణగుతుంది. కాశ్మీరు విల్లో సాధారణంగా ఇంగ్లీషు విల్లోకంటె బరువు, కాని ధర ఎంతో తక్కువ. రబ్బరు బంతితో ఆడే పిల్లవాడికి ఇంగ్లీషు విల్లో చేసే అదనపు ఉపకారం ఏమీ లేదు. అతనికి కావలసినది తన చేతికి తగిన బరువు. బ్యాటును పైచేయి ఒక్కదానితో పట్టుకొని కొంతసేపు ముందుకు చాచి నిలపలేకపోతే అది ఎంత మంచి కర్ర అయినా అతనికి పనికిరాదు.

వయస్సుకు మించిన బరువు కొనడం బడులలో తరచుగా జరిగే పొరపాటు. పురుషుల ఇనుపగుండు 7.26 కిలోలు, స్త్రీలది 4 కిలోలు. 18 ఏళ్ళలోపు బాలురకు 5, బాలికలకు 3 కిలోల గుండ్లు వేరుగా ఉన్నాయి. "పెద్దది కొంటే అందరికీ పనికివస్తుంది" అన్న పొదుపు మాటవల్ల పదమూడేళ్ళ పిల్లవాడు గుండును విసరడం నేర్చుకోడు, మోయడం నేర్చుకుంటాడు. భుజం నొప్పి అదనం.

అట్టపెట్టె సాహిత్యంలో అన్నిటికంటె అందంగా రాసే అధ్యాయం దుస్తులది. కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగవలసి ఉన్నది.

పరుగెత్తే మనిషి శరీరంలో పుట్టే శక్తిలో ఎక్కువభాగం వేడిగానే బయటపడుతుంది. అరవై కిలోల యువకుడు ఒక మోస్తరు వేగంతో పరుగెత్తితే క్షణానికి దాదాపు 600 జౌళ్ళ వేడి పుడుతుందనుకోవచ్చు. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ళు కావాలి. ఆ వేడిని అది చర్మంనుంచే తీసుకుంటుంది. అంటే ఈ వేడినంతటినీ చెమటే మోసుకుపోవాలంటే నిమిషానికి 15 గ్రాములు, గంటకు 900 గ్రాముల చెమట ఆవిరి కావాలి. ఆవిరి కావాలన్నది ముఖ్యం. నేలమీద బొట్లుగా రాలిన చెమట శరీరానికి చేసే సేవ చాలా స్వల్పం.

ఆవిరి కావడమన్నది చొక్కా ఒక్కదాని ఇష్టాన్నిబట్టి జరగదు. చెమట పట్టిన చర్మం 35 డిగ్రీల వద్ద ఉంటే అక్కడి నీటి ఆవిరి పీడనం పాదరసపు మట్టంలో సుమారు 42 మిల్లీమీటర్లు. బయటి గాలి 32 డిగ్రీలుండి, ఆర్ద్రత నూటికి 30 అయితే ఆ గాలిలోని ఆవిరి పీడనం దాదాపు 11 మిల్లీమీటర్లు. ఆర్ద్రత 80 అయితే దాదాపు 28. ఈ రెండు పీడనాల తేడాయే చెమటను బయటికి తోసే బలం. పొడి గాలిలో 31 ఉన్న ఆ తేడా తడి గాలిలో 14కి పడిపోతుంది. తూర్పు కనుమల పాదంలో, సముద్రానికి మరీ దూరం కాకుండా ఉన్న నర్సీపట్నంలో వర్షాకాలమంతా రెండవ లెక్కకు దగ్గరగా ఉంటుంది. చల్లని పొడి దేశంలో ఒక చొక్కాను పరీక్షించి "శరీరాన్ని చల్లగా ఉంచుతుంది" అని రాస్తే, ఆ వాక్యం ఆ దేశంలో నిజమే కావచ్చు. ఆగస్టు నెల నర్సీపట్నానికి వచ్చేసరికి అందులో సగం రాలిపోతుంది. చీటీ మీద ఈ సంగతి ఉండదు.

నూలు, పాలియెస్టరు తగాదాను కూడా తక్కెడతోనే తీర్చవచ్చు. సాధారణ ఆర్ద్రతలో నూలు తన బరువులో నూటికి సుమారు 8.5 వంతుల తేమను పీల్చుకొని ఉంటుంది, పాలియెస్టరు 0.4 మాత్రమే. నూలు పీచు నీటిని తనలోనే దాచుకొని ఉబ్బుతుంది. అందుచేత తడిసిన నూలు బనియను బరువెక్కి, ఒంటికి అంటుకొని, ఆలస్యంగా ఆరుతుంది. పాలియెస్టరు పీచు నీటిని లోపలికి రానివ్వదు. పీచుల మధ్య సందులలో కేశనాళికలలో వలె నీరు పాకి బట్ట పైముఖానికి చేరుతుంది, అక్కడ విశాలంగా పరచుకొని త్వరగా ఆరుతుంది. ప్రకటనలలో కనిపించే "చెమటను లాగే" గుణం ఇదే. ఇందులో అబద్ధం లేదు.

అయితే ప్రతి పాలియెస్టరుకూ ఈ గుణం ఉంటుందనుకోవడం పొరపాటు. పీచు అడ్డుకోత ఆకారం, అల్లిక, పైన పట్టించిన రసాయనపు పూత - ఈ మూడింటిమీద అది ఆధారపడుతుంది. చౌక రకాలలో మొదటి రెండూ ఉండవు, మూడవది కొన్ని ఉతుకులకు కొట్టుకుపోతుంది. బడి పేరు, అంకె, పోషకుడి పేరు ముద్రించి ఇచ్చే మెరుపు జెర్సీలలో చాలామట్టుకు ఈ కోవకు చెందినవే. పరీక్ష ఇట్లా చేయవచ్చు. బట్ట మీద ఒక చుక్క నీరు వేయాలి. ముత్యంలా నిలిస్తే ఆ బట్ట చెమటను లాగదు. రెండు మూడు క్షణాలలో వెడల్పుగా పాకితే లాగుతుంది. ఆ పరీక్షనే పదిసార్లు ఉతికిన తరువాత మళ్ళీ చేయాలి. ఆరే వేగం తెలుసుకోవాలంటే తడిపి పిండిన బట్టను పది నిమిషాలకొకసారి తూచి, గ్రాఫు కాగితం మీద గుర్తులు పెడితే చాలు. బట్ట మందం తెలియాలంటే పది సెంటీమీటర్ల చదరపు ముక్క బరువును గ్రాములలో తూచి నూరుతో గుణించాలి. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో వస్తుంది. బట్టల వర్తకులు ఈ అంకెను ఎరుగుదురు, అడిగినవారికి చెబుతారు.

మరి ఏది కొనాలి? రోజుకు ఒక్క పీరియడు ఆడి, ఇంటికి పోయి స్నానం చేసే పిల్లవాడికి పలచని, వదులైన నూలు బనియను ఏమాత్రం తక్కువది కాదు. వదులు బట్ట కింద గాలి కదలుతుంది; ఆ కదలికే సగం పని చేస్తుంది. ఒకే జత బట్టలతో మూడు రోజుల పోటీలకు పోయే జట్టుకు, వానలో తడిసి రాత్రికి ఆరవలసినప్పుడు, మంచి పాలియెస్టరు మేలు. దానికి ఒక అవలక్షణం కూడా ఉన్నది. చెమట వాసన పుట్టించే కొన్ని సూక్ష్మజీవులు నూలుకంటె పాలియెస్టరు మీద బాగా పెరుగుతాయని పరిశోధకులు చూపారు. ఆడిన వెంటనే ఉతకకుండా సంచిలో కుక్కిన జెర్సీని మరునాడు తెరిచినవారికి ఈ పరిశోధన కొత్తగా అనిపించదు.

దుస్తుల అధ్యాయంలో తేలికగా వదలరాని భాగం ఒకటి ఉన్నది. కొవ్వును కరిగిస్తుందని చెప్పి అమ్మే రబ్బరు, ప్లాస్టిక్ కోట్లు అవి. సైనిక నియామకాలలో 1.6 కిలోమీటర్ల పరుగు కోసం, పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షల కోసం ఉత్తరాంధ్ర యువకులు తెల్లవారకముందే రోడ్లమీద పరుగెడుతుంటారు. వారికి ఈ కోటు ఒక దగ్గరిదారిలా కనిపిస్తుంది. తొడిగి పరుగెత్తినవాడు అరగంటకు అరకిలో, ముప్పాతిక కిలో తగ్గిన మాట నిజమే. తగ్గినది నీరు. రెండు చెంబుల నీళ్ళు తాగితే అది తిరిగి వస్తుంది. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలో కేలరీల శక్తి ఉన్నది. చెమట పోసినంతమాత్రాన అది ఖర్చు కాదు.

కోటు చేసే అసలు పని వేరు. పైన చెప్పిన యువకుడి దేహం వేడిమి ఒక డిగ్రీ పెరగడానికి రెండు లక్షల పదివేల జౌళ్ళు చాలు. క్షణానికి 600 జౌళ్ళ వేడి పుడుతూ, చెమట ఆవిరి కాకుండా, వేడి బయటికి పోయే దారి పూర్తిగా మూసుకుపోతే ఆరు నిమిషాలలోపే ఒక డిగ్రీ పెరుగుతుంది. నిజంగా దారి అంత పూర్తిగా మూసుకుపోదు గాని, గాలి తడిగా ఉన్న తెల్లవారుజామున ఈ కోటు దానిని చాలామట్టుకు మూసివేస్తుంది. 1997 చివరలో అమెరికాలో బరువు తగ్గడానికి ఇట్టి సాధన చేస్తూ ముగ్గురు కాలేజి మల్లయోధులు కొద్ది వారాల తేడాతో మరణించారు. ఆ తరువాత అక్కడి కాలేజి క్రీడాసంఘం రబ్బరు దుస్తులను నిషేధించింది. ఇక్కడ ఆ కోటును సెల్‌ఫోనులో ఒక్క వేలితో నొక్కి తెప్పించుకోవచ్చు. చీటీమీద పొగడ్త ఉన్నది, ఆ మూడు మరణాల ప్రసక్తి లేదు.

బూట్ల విషయంలో చరిత్ర రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. 1948 లండను ఒలింపిక్సులో భారత ఫుట్‌బాల్ జట్టులో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడి ఫ్రాన్సు చేతిలో 2-1తో మాత్రమే ఓడారు. 1960లో రోములో ఇథియోపియా వీరుడు అబెబె బికిలా వట్టి కాళ్ళతో మారథాన్ గెలిచాడు; 1964లో టోక్యోలో బూట్లు తొడిగి, మరి మూడు నిమిషాలు తక్కువ కాలంలో, మళ్ళీ గెలిచాడు. వట్టి కాలు గొప్పదని గాని, బూటు గొప్పదని గాని దీనివల్ల తేలదు. గొప్పవాడు బికిలా. నర్సీపట్నం చుట్టుపట్ల గరపనేల మైదానాలలో రాళ్ళూ, పల్లేరుకాయలూ ఉన్నాయి. అక్కడ పిల్లలకు అడుగున ఏదో ఒకటి ఉండవలసిందే.

ఆ ఏదో ఒకటి ఎంత ఖరీదుది కావాలి? పాదం వంపును చూసి దానికి తగిన ప్రత్యేకపు బూటు కొనాలని అంగళ్ళలో చెబుతారు. ఈ సలహాను అమెరికా సైన్యంలోను, వాయుసేనలోను, మెరైన్ దళంలోను కొత్తగా చేరినవారిపై పరీక్షించి, 2009, 2010 సంవత్సరాలలో ఫలితాలు ప్రకటించారు. వంపునుబట్టి బూటు ఇచ్చినవారికీ, అందరికీ ఒకే రకం ఇచ్చినవారికీ గాయాలలో చెప్పుకోదగిన తేడా రాలేదు. వట్టి నడకతోనే తొడ కండరాలు బలపడతాయన్న బూట్ల కథ ఇంకా విచిత్రమైనది. అమెరికా వ్యాపార సంఘం వారి అభియోగాలపై, 2011లో రీబాక్ కంపెనీ రెండున్నర కోట్ల డాలర్లు, 2012లో స్కెచర్స్ కంపెనీ నాలుగు కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. 2010లో ఆస్ట్రేలియాలో పవర్ బ్యాలెన్స్ అనే ముంజేతి పట్టీ అమ్మేవారు, అది బలాన్ని, నిలకడను పెంచుతుందనడానికి నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదని స్వయంగా ఒప్పుకోవలసివచ్చింది. ఆ పట్టీకి నకళ్ళు తిరునాళ్ళ అంగళ్ళకు వచ్చినా ఆశ్చర్యం లేదు.

బూటు కొనేవాడు చూడవలసినవి చాలా సామాన్యమైనవి. సాయంకాలానికి పాదం కొంత ఉబ్బుతుంది గనుక ఆ వేళకు కొనాలి. కాగితంపై నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ ఆకారాన్ని కత్తిరించి అంగడికి తీసుకుపోవచ్చు. అది బూటు లోపలి అట్టమీద పరచినప్పుడు పక్కలకు పొంగరాదు. ముందువైపు బొటనవేలి వెడల్పంత చోటు మిగలాలి. తొడిగిన క్షణంలో హాయిగా లేని బూటు "వాడగా వాడగా సర్దుకుంటుంది" అన్న మాట నమ్మదగినది కాదు.

ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చూడవలసిన సంగతి మరొకటి ఉన్నది. పెట్టెమీద ముద్రించిన తయారీ నెల, సంవత్సరం. కొన్ని బూట్ల అడుగు పాలీయురెథేన్ అనే పదార్థంతో చేస్తారు. అందులో ఒక రకం గాలిలోని తేమతో నెమ్మదిగా జలవిశ్లేషణ చెందుతుంది. అణువుల గొలుసులు తెగిపోతాయి. ఒక్కరోజు కూడా వాడకుండా పెట్టెలో భద్రంగా దాచిన బూటు, కొన్నేళ్ళ తరువాత తొడిగిననాడు, పాత రొట్టెలా ముక్కలుగా రాలిపోవడానికి కారణం ఇదే. తడి గాలిలో ఇది మరింత త్వరగా జరుగుతుంది. సగం ధరకు పాతసరుకు అమ్మకంలో దొరికిన బూటు నాలుగేళ్ళ కిందటిదైతే అది లాభం కాకపోవచ్చు. పిల్లవాడికి రాబోయే ఏడాదికి కూడా ఉండాలని రెండు సైజులు పెద్దది కొని, పండగకూ పబ్బానికీ మాత్రమే తొడిగించి దాచే తలిదండ్రులు ఈ రసాయన చర్యను గుర్తుంచుకోవాలి. ఈ.వి.ఏ. నురుగుతో చేసిన అడుగుకు ఈ జబ్బు లేదు. అది వాడుకవల్ల అణగారిపోతుంది.

బాలికల విషయంలో చీటీకంటె జాబితాయే ఎక్కువ దోషి. కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్సును 13 సెకండ్లకు లోపు ముగించిన మొదటి భారతీయ స్త్రీ. అయినా బడిజట్టుకు జెర్సీలు కుట్టించేటప్పుడు బాలుర కొలతలే తీసుకొని, అందులో చిన్నవాటిని బాలికలకు పంచుతారు. భుజాలు జారి, నడుము బిగిసి, చంకల్లో ఒరుసుకొనే చొక్కాతో బాలిక పరుగెత్తవలసి వస్తుంది. వక్షానికి ఆధారమిచ్చే ఆటల లోదుస్తులు ఎదిగే బాలికకు బూటుతో సమానమైన ఆట సామగ్రి. అవి లేకపోవడంవల్ల నొప్పి, దానికంటె మించి సంకోచం కలిగి, ఎనిమిది తొమ్మిది తరగతులలో ఎందరో ఆట మానేస్తారు. ఈ వస్తువు పేరు కొనుగోలు కమిటీలో పైకి పలకడానికి మొగమాటపడతారు. కమిటీలో ఒక ఉపాధ్యాయిని ఉంటే ఆ మొగమాటం ఉండదు.

చట్టం సహాయం కొంత ఉన్నది. పెట్టెకట్టి అమ్మే సరుకుపై తయారుచేసినవారి పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనలపై జరిమానా విధించడానికి వీలు కల్పించింది. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. బిల్లు లేనివానికి మాత్రం ఇవి ఏవీ పనికిరావు. బిల్లు వద్దంటే పది రూపాయలు తగ్గిస్తానన్నప్పుడు సంతోషించేవారు ఆ పది రూపాయలకు ఏమి అమ్ముకున్నారో ఆలోచించరు.

బడి జాబితాను మార్చి రాయడానికి పెద్ద శ్రమ లేదు. "ఫుట్‌బాల్ 4" అన్నచోట ఇట్లా రాయవచ్చు: "5వ సైజు ఫుట్‌బాల్ 4, చుట్టుకొలత 68-70 సెం.మీ., ఏ రెండు దిక్కులకూ తేడా అర సెంటీమీటరు మించరాదు. బరువు 410-450 గ్రాములు. గాలి నింపిన మూడు రోజులకు మెత్తబడరాదు. సరిపోని బంతి తిరిగి తీసుకోవాలి." చివరి షరతు చదివిన వర్తకుడు పంపే బంతి వేరుగా ఉంటుంది. సరుకు వచ్చిననాడు తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చొని, ఒకరు తూస్తూ ఒకరు రాస్తూ, స్టాకు రిజిస్టరులో ప్రతి బంతికి ఎదురుగా బరువు, మూడు చుట్టుకొలతలు నమోదు చేయవచ్చు. మార్చి నెలలో అదే బంతులను మళ్ళీ కొలిచి పక్క గడిలో రాస్తే, వచ్చే జూన్‌లో ఏ రకం కొనాలన్నది ఆ రెండు గడుల మధ్య తేడాయే చెబుతుంది.